ఎర్రనీళ్ల నుంచి పీహెచ్ దాకా

దిష్టి తీయడానికి అమ్మ పళ్లెంలో నీళ్లు పోసి, చిటికెడు పసుపు, కాస్త సున్నం కలిపేది. చూస్తుండగానే నీళ్లు ఎర్రబడేవి. నేను చూసిన మొదటి రసాయన పరీక్ష అదేనని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

పసుపులోని కుర్కుమిన్ ఆమ్లంలోనూ, మామూలు నీటిలోనూ పసుపుపచ్చగానే ఉంటుంది. క్షారం తగిలితే దాని అణువు నుంచి హైడ్రోజన్ అయాన్ ఊడిపోతుంది. దాంతో అది కాంతిని పీల్చుకునే తీరు మారి, ఎర్రగా కనిపిస్తుంది. చొక్కా మీది పప్పుచారు మరక సబ్బు రుద్దగానే ఎర్రబడేది ఇందుకే.

పసుపు నీటిలో అద్దుడు కాగితం ముంచి, నీడలో ఆరబెట్టి, సన్నగా కత్తిరించుకుంటే చాలు, క్షారాన్ని పట్టే పరీక్ష కాగితం ఇంట్లోనే సిద్ధం. రాత కాగితం మాత్రం వాడకండి. ఈ రోజుల్లో చాలావాటిలో సుద్ద కలుపుతారు, ఆ క్షారగుణం ఫలితాన్ని చెడగొడుతుంది. ఒక చీలిక మీద సున్నపు తేట చుక్క వేస్తే ఇటుక రంగు మచ్చ పడుతుంది. దాని మీదే నిమ్మరసం పిండితే మచ్చ అంచుల నుంచి మళ్లీ పసుపుపచ్చగా మారుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టని దృశ్యం ఇది. వంట సోడా నీటికి మాత్రం రంగు కొద్దిగానే ముదురుతుంది, అది బలహీన క్షారం మరి.

అయితే పసుపు కాగితానికి పులుపు తెలియదు. చింతపండు రసమైనా, మంచినీళ్లయినా దానికి ఒకటే. అందుకు శంఖుపుష్పం కావాలి. ఆ నీలి పూలను వేడినీళ్లలో నానబెట్టి, ఆ రంగులో ముంచిన కాగితం పాలకు నీలంగానే ఉంటుంది, నిమ్మరసానికి ఊదా గులాబీ రంగుకు తిరుగుతుంది, సున్నపు తేటకు ఆకుపచ్చగా మారుతుంది. 1664లో శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ వయొలెట్ పూల పాకంతో గమనించింది ఇలాంటి మార్పునే. ఆమ్లానికి ఎరుపు, క్షారానికి ఆకుపచ్చ. బడిలో వాడే లిట్మస్ కూడా రాళ్లను, చెట్లను అంటుకుని పెరిగే లైకెన్ల నుంచి తీసిన రంగే.

రంగుకు అంకె జతచేసినవాడు డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తూ 1909లో ఆమ్ల, క్షార గుణాలను అంకెల్లో చెప్పే పీహెచ్ కొలమానం ప్రతిపాదించాడు. అందులో ఒక్క మెట్టు దిగితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. పాలు దాదాపు 6.6, నిమ్మరసం 2 దగ్గర. అంటే తేడా పదివేల రెట్లకు పైనే.

నాలుకకు ఇంత లెక్క అందదు, పైగా తీపి దాన్ని ఏమారుస్తుంది. రంగులేని శీతల పానీయాన్ని శంఖుపుష్పం కాగితం మీద ఒక చుక్క వేసి చూడండి. తాగేటప్పుడు తియ్యగానే ఉంటుంది. కాగితం మీద మాత్రం నీలం నిలవదు, నిమ్మరసం చుక్క వైపే ఊదాగా జరుగుతుంది.