జాజ్, ఎల్పీలు, సీడీలు: అపోహలు - వాస్తవాలు

ఎల్పీలు, అంటే పాత గ్రామఫోన్ ప్లేట్లలాంటి వినైల్ ప్లాస్టిక్ ప్లేట్లు, తిప్పి వినిపించే టర్న్‌టేబుళ్ళు రిపేరు చేసే పని నాది, రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "అన్నా, సీడీలన్నీ అమ్మేసి ఎల్పీలు కొందామనుకుంటున్నా, ఎంతొస్తుంది?" అని. ఏమీ రాదండీ. సీడీలు కారుచౌకగా అడుగుతారు, అదే ఆల్బమ్ ఎల్పీకి 3-4 వేలు పెట్టాలి. విని చూడకుండా ఎవరో వీడియోలో చెప్పారని ఇలా చేస్తున్నారు.

అపోహ: జాజ్ అంటే వినైల్ మీదే వినాలి, అసలు సౌండు అదే.

వాస్తవం: ఏ టేపు నుంచి చేశారు, మాస్టరింగ్, అంటే ప్లేటు చేసే ముందు సౌండు చివరిసారి సరిచూసే పని, ఎలా చేశారు, సౌండు తేలేది అక్కడ. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' తీసుకోండి. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా 30వ వీధి స్టూడియోలో మొదటి సెషన్ చేసినప్పుడు మెయిన్ టేపు మిషను కొంచెం స్లోగా తిరిగింది. స్లోగా ఎక్కిన టేపుని మామూలు స్పీడులో వేస్తే పాట ఫాస్ట్ అవుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఆ టేపు నుంచే ఎల్పీ కట్ చేశారు, అంటే గాడి చెక్కారు, కాబట్టి మొదటి సైడు మూడు ట్రాకులూ ముప్పై ఏళ్ళకి పైగా అలాగే అమ్ముడుపోయాయి. పక్కన సరైన స్పీడులో నడిచిన రెండో మిషను టేపు తీసి దాన్ని సరిచేసింది 1992లో, అదీ సీడీ మీద! కొత్త ఎల్పీల్లో సరిచేయడం ఆ తర్వాతి మాట.

మొన్నామధ్య ఒక కుర్రాడు వాళ్ళ నాన్నగారి సీడీలు అట్టపెట్టెల్లో వేసుకొచ్చాడు. "ఇవి పనికిరావంటున్నారు, నాన్న ఊరికే డబ్బులు తగలేశాడా అన్నా" అంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. వాటిలో స్పీడు సరిచేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' సీడీ ఉంది. నా దగ్గరున్న అదే ఆల్బమ్ డెబ్బైల నాటి ఎల్పీ, వాళ్ళ నాన్న సీడీ, రెండింట్లో మొదటి సైడు పాట ఒకేసారి మొదలుపెట్టా. కాసేపు కలిసే నడిచాయి, ట్రంపెట్ సోలో వచ్చేసరికి ఎల్పీ ముందుకెళ్ళిపోయింది, రెండు శ్రుతులూ చెవిలో ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. ఎల్పీ ఆపేశా, పాల్ చేంబర్స్ బేసు ఒక్కో నోటూ విడివిడిగా వినిపిస్తుంటే కుర్రాడు కదల్లేదు. పెట్టెలు మళ్ళీ తాడేసి కట్టుకుని తీసుకెళ్ళిపోయాడు.

ఎల్పీ చెడ్డదని నేననట్లేదు. రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ స్వయంగా కట్ చేసిన, బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ పాత ప్లేటు, లేబుల్ పక్క ఖాళీలో ఆయన ముద్ర ఉన్నది, గీతల్లేకుండా సరసమైన ధరకి దొరికితే అస్సలు వదలొద్దు. ఎనభైల్లో వచ్చిన కొన్ని సీడీలు గరుగ్గా ఉంటాయన్నదీ నిజమే. అందుకే ఆల్బమ్ ఆల్బమ్‌కీ చూసి కొనమంటున్నా.

ఇక మిగతా అపోహలు. వినైల్ అంటే పూర్తిగా అనలాగ్, అంటే సౌండుని ఎక్కడా అంకెలుగా మార్చకుండా చేసింది, అనేది అన్నిసార్లూ నిజం కాదు, మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఎల్పీల్లో ఏళ్ళ తరబడి మధ్యలో డిజిటల్ స్టెప్ ఉందని 2022లో బయటపడింది, అప్పటిదాకా మహా మహా చెవులున్నవాళ్ళు కూడా పట్టుకోలేదు. డిజిటల్ సౌండు మెట్లు మెట్లుగా ఉంటుందన్నది తప్పు, సీడీ ప్లేయర్ నుంచి బయటికొచ్చే వేవ్ నున్నగానే ఉంటుంది. 180 గ్రాముల ప్లేటు బరువే ఎక్కువ, సౌండు కాదు. చిటపటలు చాలావరకు దుమ్ము, కడిగితే తగ్గుతాయి.

సూట్‌కేస్ టైపు చవక ప్లేయర్ల మీద మాత్రం మంచి జాజ్ ప్లేట్లు పెట్టకండి ప్లీజ్. మంచి మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) ప్లేటు మీద 2 గ్రాముల బరువుతో నడుస్తుంది, వాటిల్లో సిరామిక్ కార్ట్రిడ్జ్ ఐదారు గ్రాముల బరువేసి గాడిని అరగదీస్తుంది, ముందు పోయేది డ్రమ్స్‌తో మోగే సింబల్స్ (ఇత్తడి తాళాలు) సౌండు, అది మళ్ళీ రాదు.

సీడీలు దాచుకునేవాళ్ళకి ఒకటి చెప్తా, అందరూ మెరిసే వైపు గీతలు పడితే కంగారుపడతారు కానీ చిన్న గీతల్ని ప్లేయరే సర్దుకుంటుంది. జాగ్రత్త పడాల్సింది లేబుల్ వైపు, మెరిసే పొర దానికి సరిగ్గా కిందే ఉంటుంది, అటు గీత పడి పొర లేచిందంటే రిపేరు లేదు. దాని మీద పెన్నుతో గట్టిగా నొక్కి పేర్లు రాయొద్దు, స్టిక్కర్లు అంటించి పీకొద్దు.