రోజుకి 2 జీబీనా, మొత్తం 50 జీబీనా? డేటా ప్లాన్లపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో మాది సిమ్‌లు, రీఛార్జ్‌లు, ఫోన్ రిపేర్ల షాపు. ఇప్పుడు అందరూ ఇంట్లో కూర్చునే రీఛార్జ్ చేసేసుకుంటున్నారు. కానీ ఏ ప్లాన్ వేయించుకోవాలో అడగడానికి మాత్రం ఇంకా షాపుకే వస్తారు. అలా వచ్చినవాళ్లలో చాలామంది అవసరానికి మించి కడుతుంటారు. మరికొందరు సరిపడా కడుతున్నా, వాళ్ల వాడకానికి కుదరని ప్లాన్‌లో ఉంటారు. కౌంటర్ దగ్గర నేను రోజూ సరిదిద్దే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అన్‌లిమిటెడ్ ప్లాన్ వేయించాను, కాబట్టి నెట్‌కి హద్దు లేదు.

వాస్తవం: మామూలు ప్రీపెయిడ్ ప్లాన్లలో హద్దు లేనివి కాల్స్. డేటాకి రోజుకి 1 జీబీ, 1.5, 2, 2.5, 3 అంటూ మెట్లు ఉంటాయి. ఆ రోజు కోటా అయిపోతే నెట్ పూర్తిగా ఆగదు, చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. కంపెనీ ‘అన్‌లిమిటెడ్’ అని రాసేది దీన్ని కూడా కలుపుకునే.

64 కేబీపీఎస్ అంటే ఏమిటో లెక్క వేసి చూపిస్తేగానీ నమ్మరు. సెకనుకి 8 కిలోబైట్లు. వాట్సాప్‌లో అక్షరాల మెసేజ్ వెళ్తుంది. 1 ఎంబీ ఫోటో దిగాలంటే రెండు నిమిషాలు పైనే. వీడియో సంగతి మర్చిపోవచ్చు. ఆ వేగంతో 1 జీబీ దింపాలంటే దాదాపు ఒకటిన్నర రోజు పడుతుంది.

ఇది మన దేశంలోనే ఉన్న తంతు కాదు. అమెరికాలో ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ 2010 జూన్‌లో కొత్త స్మార్ట్‌ఫోన్ కస్టమర్లకి అన్‌లిమిటెడ్ డేటా ఆపేసి, 200 ఎంబీ, 2 జీబీ అని మెట్ల ప్లాన్లు పెట్టింది. పాత అన్‌లిమిటెడ్ వాళ్లని ఉంచింది కానీ ఎక్కువ వాడితే వేగం తగ్గించింది. దాని మీద అక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కేసు వేసింది. 2019లో 6 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. కాబట్టి అన్‌లిమిటెడ్ అని కనిపిస్తే అడగాల్సింది ఒకటే: "ఎంత దాటాక స్లో చేస్తారు?" ఇంటి ఫైబర్‌ కనెక్షన్లకీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. అన్‌లిమిటెడ్ అని అమ్మే జియో ఫైబర్‌లో ఆ హద్దు నెలకి 3,300 జీబీ. మామూలు కుటుంబం ఆ అంకె దరిదాపులకి కూడా వెళ్లదు కాబట్టి అక్కడ బెంగ లేదు. రోజుకి 1.5 జీబీ దగ్గర మాత్రం ఆ బెంగ ఉంటుంది.

అపోహ: రోజుకి 2 జీబీ, 28 రోజులు. అంటే నా చేతిలో 56 జీబీ ఉన్నట్టే.

వాస్తవం: లేదు. జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను.

రోజు కోటా రాత్రి 12 గంటలకి మారిపోతుంది. ఈరోజు మిగిలింది రేపటికి రాదు. ఈ రోజువారీ పద్ధతి మనకి బాగా అలవాటైంది 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాకే. డిసెంబరు దాకా రోజుకి 4 జీబీ ఫ్రీ ఇచ్చారు, తర్వాత మార్చి దాకా రోజుకి 1 జీబీ. అంతకుముందు నెలకి 1 జీబీ వేయించుకుని పొదుపుగా వాడుకునేవాళ్లం. రోజుకి జీబీ అనగానే అందరికీ సముద్రంలా అనిపించింది, మిగిలిన దాని గురించి ఎవరూ అడగలేదు. ఆ అలవాటే ఇప్పటికీ నడుస్తోంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కానూరులో హాస్టల్లో ఉండి చదువుకునే అబ్బాయి. సోమవారం నుంచి శనివారం దాకా క్లాసులు, ఫోన్ ముట్టుకునేది తక్కువ, రోజుకి అర జీబీ. ఆదివారం క్రికెట్ మ్యాచ్, సినిమా, ఇంటికి వీడియో కాల్ అన్నీ కలిపి 5 జీబీ కావాలి. వారానికి 8, నాలుగు వారాలకి 32 జీబీ. 2 జీబీ ప్లాన్ వేయించాడు, కాగితం మీద 56 జీబీ. కానీ ఆదివారం 2 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి వారానికి 5, మొత్తం మీద 20 జీబీ మాత్రమే వాడగలుగుతాడు. 36 జీబీ గాలికి పోతుంది, పైగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం నుంచి నెట్ పాకుతుంది. వాడు మా దగ్గరికి వచ్చి "అన్నా, 3 జీబీ ప్లాన్ వేసేయ్" అంటాడు. అది వేసినా ఆదివారం 3 దగ్గర ఆగుతుంది, మిగతా ఆరు రోజులూ ఇంకా ఎక్కువ వృథా.

ఇలాంటివాళ్లకి సరైనది చిన్న బేస్ ప్లాన్ (కాల్స్, వ్యాలిడిటీ ఇచ్చే అసలు రీఛార్జ్), దాని మీద మొత్తంగా ఇచ్చే డేటా ప్యాక్. 30 రోజుల్లో ఎప్పుడైనా, ఎంతైనా వాడుకునే రకం. గుంటూరు మిర్చి యార్డు వాళ్లది కూడా ఇదే లెక్క. సీజన్‌లో పొద్దున్నే లాట్ల వీడియోలు తీసి వేరే రాష్ట్రాల పార్టీలకి పంపాలి. పని అంతా మధ్యాహ్నంలోపే, డేటా అంతా అప్పుడే కావాలి. సీజన్ అయ్యాక రోజుకి అర జీబీ చాలు. వాళ్లకి ఏడాది పొడవునా 3 జీబీ ప్లాన్ అంటగట్టడం నాకు సబబుగా అనిపించదు.

అదే వన్‌టౌన్‌లో కొట్టు పెట్టుకుని, రోజూ ఒకే తీరుగా గంట, గంటన్నర యూట్యూబ్ చూసే పెద్దాయనకి రోజు కోటా ప్లానే చవక. ఆయనకి మొత్తం ప్యాక్ వేస్తే నేను ఆయన్ని మోసం చేసినట్టే.

వీఐలో కొన్ని ప్లాన్లకి సోమవారం నుంచి శుక్రవారం దాకా మిగిలింది శని, ఆదివారాల్లో వాడుకునే వీలుంది. ఆదివారం వాడకం ఎక్కువగా ఉన్నవాళ్లు దాన్ని కూడా చూడాలి, మీ ఏరియాలో సిగ్నల్ బాగుంటేనే సుమా. డేటా ప్యాక్‌ల వ్యాలిడిటీ కూడా చదవండి. చిన్న ప్యాక్‌లలో కొన్ని ఒక్కరోజుకే అయిపోతాయి. బేస్ ప్లాన్ లేకుండా డేటా ప్యాక్ ఒక్కటే వేస్తే చాలా వాటిల్లో పనిచేయదు.

మీది ఏ రకమో ఊహించక్కర్లేదు, ఫోన్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిస్తే గ్రాఫ్ కనిపిస్తుంది, కింద ఏ యాప్ ఎంత తిన్నదో వరసగా ఉంటుంది. గీత సాఫీగా ఎక్కుతూ పోతే మీది రోజు కోటా వాడకం. అక్కడక్కడా నిలువుగా లేస్తే మొత్తం ప్యాక్ వాడకం. ఐఫోన్‌లో జాగ్రత్త: మొబైల్ డేటాలో కనిపించే ‘కరెంట్ పీరియడ్’ దానంతట అది సున్నా అవదు. పేజీ చివర రీసెట్ నొక్కాలి. లేకపోతే ఫోన్ కొన్న రోజు నుంచి లెక్క చూపించి భయపెడుతుంది. రీసెట్ చేసి ఒక నెల ఆగి చూడండి.

అపోహ: 5జీ అన్‌లిమిటెడ్ వచ్చింది కదా, ఇక కోటా లెక్కలతో పనిలేదు.

వాస్తవం: విజయవాడ, గుంటూరుల్లో 5జీ 2022 డిసెంబరు చివర్లో మొదలైంది. మొదట్లో దాదాపు అందరికీ ఇచ్చారు. 2024 జూలైలో రేట్లు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుకి 2 జీబీ, అంతకంటే పై ప్లాన్లకే దాన్ని పరిమితం చేశాయి. తర్వాత ఆఫర్లు మారుతూ వస్తున్నాయి కాబట్టి వేయించే ముందు ఆ ప్లాన్ వివరాల్లో ఉందో లేదో చూడండి.

అసలు మెలిక ఇంకొకటి ఉంది. అన్‌లిమిటెడ్ అయ్యేది 5జీ మీద వాడినది మాత్రమే. ఫోన్ 4జీకి దిగిన క్షణం నుంచి రోజు కోటా కరుగుతుంది. సెల్లార్లో, ఇంట్లో లోపలి గదుల్లో, గుంటూరు బస్సులో దారి పొడవునా ఫోన్ 5జీకి, 4జీకి మారుతూనే ఉంటుంది. మీరు చూసేది ఒకే వీడియో, అందులో సగం కోటాలోంచి పోయి ఉంటుంది. 4జీ ఫోన్ ఉన్నవాళ్లకి అసలు ఇది వర్తించదు. "5జీ వస్తుందట కదా" అని పెద్ద ప్లాన్ అడిగిన పిన్నిగారి ఫోన్ తీసుకుని చూస్తే అది 4జీ ఫోన్. అలాంటప్పుడు చిన్న ప్లాన్ వేసి పంపిస్తాను.

అపోహ: ట్యాబ్‌కి వేరే సిమ్, వేరే అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉండాల్సిందే.

వాస్తవం: చాలా ఇళ్లలో అవసరం లేదు. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ట్యాబ్‌కి ఇవ్వచ్చు, మన దగ్గర మామూలు ప్లాన్లలో దానికి వేరే చార్జీ లేదు. కానీ ఫోన్‌కి సరిపోయే డేటా ట్యాబ్‌కి సరిపోదు, దానికి రెండు కారణాలు.

ఒకటి తెర పెద్దది. ఫోన్‌లో 480పీ బాగానే కనిపిస్తుంది, ట్యాబ్‌లో యాప్ హెచ్‌డీకి వెళ్లిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ చెప్పే లెక్క ప్రకారమే మామూలు క్వాలిటీకి గంటకి 1 జీబీ వరకు, హెచ్‌డీకి 3 జీబీ వరకు అవుతుంది. పిల్లవాడు ట్యాబ్‌లో ఒక సినిమా చూస్తే ఇంట్లో ఫోన్ కోటా గల్లంతే.

రెండోది చాలామందికి తెలియదు. హాట్‌స్పాట్ ఇచ్చినప్పుడు ట్యాబ్ దాన్ని ఇంటి వైఫై అనుకునే అవకాశం ఉంది. వైఫై దొరికింది కదా అని యాప్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ అన్నీ ఒకేసారి మొదలుపెడుతుంది. క్లాసు వినడానికి కూర్చున్న పావుగంటలో నెట్ అయిపోయిందని తల్లిదండ్రులు పరుగెత్తుకొస్తే చాలాసార్లు కారణం ఇదే. ఐప్యాడ్‌లో ఆ వైఫై పేరు పక్కనున్న ‘ఐ’ గుర్తు నొక్కి ‘లో డేటా మోడ్’ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో ఆ నెట్‌వర్క్ వివరాల్లోకి వెళ్లి ‘మీటర్డ్’ అని పెట్టండి. యూట్యూబ్‌లో క్వాలిటీ 480పీకి తగ్గించండి. ఇవి చేశాక కూడా చాలకపోతే, అప్పుడు ట్యాబ్‌కి విడిగా సిమ్ ఆలోచించండి. అదీ రోజు కోటా కాకుండా మొత్తం ప్యాక్ రకం. ట్యాబ్ అందరూ రోజూ ఒకే తీరుగా వాడరు. ఇంట్లో ఫైబర్ ఉంటే సిమ్ లేని వైఫై ట్యాబ్ చాలు, కొనేటప్పుడే డబ్బు మిగులుతుంది.

అపోహ: నెట్ స్లోగా ఉంది, పెద్ద ప్లాన్ వేస్తే స్పీడ్ వస్తుంది.

వాస్తవం: కోటా అయిపోయి స్లో అయితేనే వస్తుంది. కోటా మిగిలి ఉండగా స్లోగా ఉంటే కారణం టవర్ మీద జనం, లేదా సిగ్నల్, లేదా ఫోన్. సాయంత్రం బీసెంట్ రోడ్డులో, దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి దగ్గర ఎంత పెద్ద ప్లానైనా ఈడ్చుకుంటూనే వస్తుంది. ఎక్కువ కట్టే పోస్ట్‌పెయిడ్ వాళ్లకి స్పీడ్‌లో ముందు వరస ఇస్తామన్న ప్లాన్లు వచ్చినప్పుడు 2020 జూలైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాటిని ఆపమంది. ముందు కంపెనీ యాప్‌లో ఈరోజు ఎంత మిగిలిందో చూసి, ఆ తర్వాతే డబ్బు తీయండి.

అపోహ: వాట్సాప్‌కి మాత్రమే సరిపడే ప్యాక్ ఉంటుంది, షాపువాళ్లు ఇవ్వట్లేదు.

వాస్తవం: ఒకప్పుడు ఉండేవి. ఏ యాప్‌కి డేటా అన్నదాన్ని బట్టి రేటు మార్చకూడదని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిషేధించింది.

అపోహ: నేను వాడకుండానే కంపెనీ డేటా కోసేస్తోంది.

వాస్తవం: వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్, వాటంతట అవే నడిచే వీడియోలు, రాత్రిపూట బ్యాకప్, వీటిని ముందు ఆపండి. సగం, 90 శాతం, మొత్తం అయినప్పుడు కంపెనీ మెసేజ్ పంపాలి, అవి చదవకుండా కొట్టేయకండి. అన్నీ చూశాక కూడా లెక్క తేడా ఉంటే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. నంబర్ లేని ఫిర్యాదు నిలబడదు.

అపోహ: నెల ప్లాన్ అంటే నెలకొకసారి.

వాస్తవం: 28 రోజుల ప్లాన్‌తో ఏడాదికి 13 రీఛార్జ్‌లు అవుతాయి. 84 రోజులది కూడా మూడు 28లే. 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా ఒకే తేదీకి వచ్చే ప్లాన్ కనీసం ఒక్కొక్కటి ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ చెప్పింది. రెండు ప్లాన్లు పోల్చేటప్పుడు ధరని రోజులతో భాగించి చూడండి. పోస్ట్‌పెయిడ్ అయితే బోర్డు మీది ధరకి 18 శాతం జీఎస్‌టీ కలపాలి, ప్రీపెయిడ్ ధరలో అది కలిసే ఉంటుంది.

అపోహ: నెట్ వాడకపోయినా డేటా ఉన్న ప్లానే వేయించాలి, వేరే దారి లేదు.

వాస్తవం: ఊళ్లో కీప్యాడ్ ఫోన్ వాడే అమ్మానాన్నలకి పిల్లలు అలవాటు కొద్దీ రోజుకి 1.5 జీబీ ప్లాన్ వేస్తూ ఉంటారు. ఆ డేటాలో ఒక్క ఎంబీ కూడా ఖర్చవదు. కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పనిసరిగా ఉంచాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశం ఇచ్చింది, వ్యాలిడిటీ 365 రోజుల దాకా పెట్టుకోవచ్చంది. 2025 జనవరి నుంచి కంపెనీలు వాటిని తెచ్చాయి. యాప్‌లో ముందు వరసలో కనిపించవు, కిందికి జరిపి వెతకాలి. దొరక్కపోతే షాపులో "నెట్ లేనిది, కాల్స్‌ది మాత్రమే" అని గట్టిగా అడగండి. ట్రాయ్ టారిఫ్ పోర్టల్‌లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఎంచుకుంటే అన్ని కంపెనీల ప్లాన్లూ ఒకేచోట కనిపిస్తాయి. పండక్కి ఊరెళ్లినప్పుడు నాన్నగారి ఫోన్‌లో ఇప్పుడు ఏ ప్లాన్ నడుస్తోందో ఒకసారి చూసి రండి.