పనికత్తి ఎంపిక: అపోహలు, వాస్తవాలు

కడియం పరిసరాల్లోని ఒక నర్సరీలో 22 ఏళ్ళుగా పని చేస్తూ, చేయిస్తూ ఉన్నాను. పాలిథీన్ సంచులు కోయడం, కొబ్బరితాళ్ళు తెంచడం, డ్రిప్పు గొట్టాలు కత్తిరించడం, ఊతకర్రల కోసం వెదురు బద్దలు చెక్కడం వంటి పనులకు మా దగ్గర ఒక్కొక్కరూ రోజుకు కొన్ని పదుల సార్లు కత్తి తీస్తారు. మొదట్లో జేబులో పడతాయని మడత చాకులే కొనేవాడిని. ఒక వానాకాలం తడిసిన తాడు మీద చాకును మెలితిప్పి లాగుతుండగా దాని తాళం జారి, అలుగు (కోసే లోహపు పలక) మడతపడి, మాతో పనిచేసే ఒకాయన రెండు వేళ్ళు లోతుగా తెగాయి. కీలులో చేరిన మట్టి వల్ల తాళం పూర్తిగా పడలేదని తరువాత విప్పి చూస్తే తెలిసింది. అప్పటినుంచి అలుగు పిడిలో కదలకుండా దిగి ఉండి, ఒరలో పెట్టుకునే కత్తులనే వాడుతున్నాం. వాటిని ఎంచుకునేటప్పుడు అంగళ్ళలోనూ వీడియోల్లోనూ వినిపించే మాటలు ఎంతవరకు నిజమో, చేత్తో వాడి తెలుసుకున్నంత మేరకు రాస్తున్నాను.

అపోహ: కత్తి ఎంత మందంగా, బరువుగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ నమ్మకం వల్లనే. కోయడమంటే అలుగు వస్తువులోకి దూరి, దాన్ని రెండు పక్కలకూ జరుపుకుంటూ ముందుకు పోవడం. వాదర (కోసే అంచు) ఎంత పదునుగా ఉన్నా, దాని వెనుకనే అలుగు ఒక్కసారిగా లావెక్కితే అది కోయడం మాని చీలలా చీల్చడం మొదలుపెడుతుంది. వెన్ను (వాదరకు ఎదుటి అంచు) 5 మి.మీ. మందం ఉన్న కత్తితో క్యారెట్ కోసి చూడండి. సగం దాకా తెగి, మిగతా సగం టక్కున విరుగుతుంది. అదే ఇంట్లోని పాత కత్తిపీట, ఏళ్ళ తరబడి అరిగి పలచబడినది, గుమ్మడికాయలోకి ఎంత సులువుగా దిగుతుందో మన ఆడవాళ్ళందరికీ తెలుసు. ఉక్కు పేరు కంటే, పిడి అందం కంటే, వాదర నుంచి నాలుగైదు మిల్లీమీటర్లు పైకి వచ్చేసరికి అలుగు ఎంత పలచగా ఉందన్నదే కోతను నిర్ణయిస్తుంది. స్వీడన్‌లోని మోరా ప్రాంతపు కత్తులను అక్కడి వడ్రంగులు, మేస్త్రీలు పనికి వాడతారు. వాటిలో బాగా పేరున్న కంపానియన్ అనే రకం అలుగు పొడవు దాదాపు 10 సెం.మీ., స్టెయిన్‌లెస్ రకంలో మందం 2.5 మి.మీ. మాత్రమే. మా అనుభవంలోనూ రోజువారీ పనికి 9 నుంచి 11 సెం.మీ. పొడవు, 2 నుంచి 3 మి.మీ. వెన్ను, ఒక్కో పక్క సుమారు 20 డిగ్రీల వాలుతో పట్టిన వాదర సరిపోతున్నాయి. బొండాలు కొట్టడానికి, వెదురు నరకడానికి వేరే కత్తి ఉండాలి. అంటు కట్టడానికైతే మరీ పలచని, ఇంకే పనికీ వాడని కత్తి కావాలి, ఎందుకంటే అక్కడ కోత నున్నగా లేకపోతే అంటు అతకదు. ఈ మూడింటినీ ఒక్క కత్తితో సాధించాలని కొన్నవాళ్ళు చివరికి దేనికీ పనికిరాని 300 గ్రాముల ఇనుప ముక్కను నడుముకు మోస్తూ తిరగడం చూశాను.

అపోహ: స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పు పట్టదు.

వాస్తవం: ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. ఆ క్రోమియం గాలితో కలిసి పైన కంటికి కనిపించని పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పు, అంటే క్లోరైడ్, ఆ పొరను అక్కడక్కడా ఛేదించి సూదిమొనంత గుంటలు చేస్తుంది. మేము వాడే పొటాష్ ఎరువు పొటాషియం క్లోరైడే. ఆ సంచి కోసిన కత్తిని తుడవకుండా ఒరలో పెడితే వారంలోనే చుక్కలు కనిపించాయి. సముద్రతీరంలో రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవారికి ఇది మరింత వర్తిస్తుంది. పైగా క్రోమియం శాతం ఒక్కటే చూసినా మోసపోవచ్చు. డీ2 అనే ఉక్కులో దాదాపు 12 శాతం క్రోమియం ఉన్నా, దానిలో కర్బనం 1.5 శాతం దాకా ఉండి క్రోమియంలో చాలా భాగాన్ని తనతో కట్టేసుకోవడం వల్ల అది తేలికగానే తుప్పు పడుతుంది. ఇక మామూలు కర్బన ఉక్కు కత్తితో మామిడికాయ, నిమ్మకాయ కోస్తే అలుగు నీలం, బూడిద రంగులకు తిరుగుతుంది. దాన్ని చూసి కత్తి పాడైందని గీకి పారేయనక్కర లేదు; ఎర్రగా పొడిలా రాలేది తుప్పు, నల్లగా అంటుకుని ఉండేది కొంతవరకు రక్షించే పొర. తడి చేతులతో రోజంతా పనిచేసేవారికి స్టెయిన్‌లెస్సే ఇప్పిస్తాను. పొడిగా పనిచేసి, సాయంత్రం తుడిచి, చుక్క కొబ్బరినూనె రాసే ఓపిక ఉన్నవారికి కర్బన ఉక్కు బాగుంటుంది, రాయి మీద త్వరగా పదును తేలుతుంది.

అపోహ: లారీ కమాను పట్టాతో చేసిన కత్తికి తిరుగులేదు.

వాస్తవం: కమాను పట్టా మంచి ఉక్కే. అందులో కర్బనం సాధారణంగా 0.5, 0.6 శాతం ఉంటుంది, దెబ్బకు ఓర్చుకునే గుణం ఎక్కువ. అయితే ఉక్కు ఏదైనా కత్తి అయ్యేది కొలిమిలోనే. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం, ఆపైన తక్కువ వేడిమీద మళ్ళీ కాచి పెళుసుదనం తగ్గించడం, ఈ రెండూ సరిగ్గా జరిగితేనే అది వాదర నిలుపుకుంటుంది. మొదటిది సరిగ్గా చేయకపోతే వాదర వంగుతుంది, రెండోది వదిలేస్తే ఊడి పలుకులుగా పోతుంది. మంచి పనికత్తుల గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 నుంచి 60 మధ్య ఉంటుంది. ఆ కొలత యంత్రం మన దగ్గర ఉండదు కాబట్టి, వాదర పక్కన ఆకురాయిని మెల్లగా రుద్ది చూస్తాను. మెత్తటి మేకును కొరికినట్టు కొరికితే ఆ కత్తి తీసుకోను. ఏళ్ళ తరబడి బరువు మోసి అలసిన పట్టాలో కంటికి కనిపించని పగుళ్ళు ఉండే అవకాశమూ ఉంది. చేతిపని తెలిసిన కమ్మరి దొరికితే మాత్రం, మీ చేతి కొలతకు ఆయన చేసిచ్చే కత్తికి కొన్న కత్తి ఏదీ సాటి రాదని నా నమ్మకం.

అపోహ: సాన చక్రం మీద నిప్పురవ్వలు ఎంత ఎగిరితే పదును అంత బాగా వస్తుంది.

వాస్తవం: దీన్ని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మంచి కత్తులు నాశనమయ్యేది ఇక్కడే. చాలా కత్తుల ఉక్కును చివరిగా 200 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ వేడి దగ్గర కాచి వదులుతారు. వాదర కాగితంలా పలచన కాబట్టి పొడి చక్రం మీద అది ఒక్క క్షణంలో అంతకు మించి వేడెక్కుతుంది. అంచున నీలిరంగు కనిపించిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దరిదాపులకు చేరి, ఉక్కు మెత్తబడిపోయిందన్నమాట. ఆ రోజు కత్తి తళతళలాడుతూ తెగుతుంది, రెండు రోజులకే మొద్దుబారుతుంది, యజమాని ఉక్కును తిడతాడు. ఆ నీలి భాగం మొత్తం అరగదీస్తే తప్ప పాత గుణం తిరిగి రాదు. సైకిలు చక్రం తొక్కుతూ సాన పట్టేవారిలో ఒక్కో ఒత్తుకూ కత్తిని నీళ్ళలో ముంచే జాగ్రత్తపరులు ఉన్నారు, వారి దగ్గరకే వెళ్ళండి. అంతకంటే మంచిది 1000 గ్రిట్ నీటిరాయి (మధ్యరకం గరుకుతో, తడిపి వాడే సానరాయి) ఒకటి కొని నేర్చుకోవడం. ఒక పక్క సమానమైన వాలులో రుద్దుతూ ఉంటే అవతలి అంచున వేలికి గరుకుగా సన్నటి పొర తగులుతుంది. అది అలుగు పొడవునా తగిలాకే పక్క మార్చాలి. రెండో పక్క అయ్యాక తేలికైన ఒత్తుతో పక్కలు మారుస్తూ ఆ పొరను తీసేసి, చివర తోలు బెల్టు మీద వెన్ను ముందుండేలా పదిసార్లు లాగితే చాలు. మా దగ్గర ప్రతి శనివారం సాయంత్రం ఈ పనికి అరగంట కేటాయించాం.

అపోహ: పదును తక్కువైతే ప్రమాదమూ తక్కువే.

వాస్తవం: మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన కత్తి జారితే ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదు. కొత్తగా పనిలో చేరినవారికి పాత మొద్దు కత్తి ఇవ్వడం మంచితనం అనుకోకండి.

అపోహ: అలుగు ఉక్కు పిడి లోపల చివరి దాకా ఉంటేనే కత్తి గట్టిది.

వాస్తవం: కర్రల మీద పెట్టి సుత్తితో బాదేవారికి అది అవసరమే. కోసే పనికి, తోక, అంటే అలుగులో పిడి లోపలికి పోయే భాగం, సగానికి పైగా దిగి గట్టిగా బిగిసి ఉంటే సరిపోతుంది. మన కొడవళ్ళు తరతరాలుగా పిడిలోకి దిగిన తోక, పిడి మూతికి తొడిగిన ఇనుప పొన్నుతోనే కోతలు కోస్తున్నాయి. తోక కంటే పిడి ఆకారం చూడండి. గుండ్రటి పిడి చెమట పట్టిన చేతిలో తిరిగిపోతుంది. కోడిగుడ్డులా కాస్త నొక్కుడుగా ఉన్న పిడి అయితే వాదర ఎటు ఉందో చూడకుండానే చేతికి తెలుస్తుంది. అరచేయి వెడల్పు కంటే వేలెడు ఎక్కువ పొడవు ఉండాలి, చేయి ముందుకు జారకుండా వాదర మొదట్లో చిన్న అడ్డు ఉండాలి. ఆడవాళ్ళ చేతికి సరిపోయే పిడి కోసం వేరేగా వెతకాల్సిందే. ఒకే కొలత అందరికీ ఇచ్చి అరచేతులు బొబ్బలెక్కించిన తప్పు నేనూ చేశాను.

అపోహ: అలల గీతలున్న డమాస్కస్ కత్తి అన్నిటికంటే మేలైనది.

వాస్తవం: ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి రెండు మూడు రకాల ఉక్కు పలకలను పొరలుగా పేర్చి, కొలిమిలో అతికించి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. ఒకప్పుడు అసలు డమాస్కస్ కత్తులకు వాడిన, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వంటి ఊళ్ళలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు వేరు. దాని గీతలు ఒకే ముద్దలో కర్బనం పేరుకున్న తీరు వల్ల పుట్టినవి. మన ఉక్కు అనే మాట నుంచే ఆ పాత ఉక్కుకు వూట్జ్ అనే పేరు వచ్చిందని చెప్తారు. ఆ గొప్పదనాన్ని చూపించి ఈనాటి గీతల కత్తికి మూడింతల ధర అడిగితే ఇవ్వనక్కర లేదు. చౌకవాటిలో గీతలు పైపైన చెక్కినవీ ఉంటున్నాయి.

అపోహ: ఒరలో కత్తి పెట్టుకుంటే చాలు, పోలీసు కేసే.

వాస్తవం: 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన నియమాల్లో, 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చి, ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు రూపొందించినవాటిని మినహాయించారు. మేము వాడే నాలుగంగుళాల కత్తి ఆ కొలతకు చాలా దిగువన ఉంది. అలాగని సంతకో సభకో నడుముకు కట్టుకుని వెళ్ళకూడదు. నిషేధాజ్ఞలు ఉన్నచోట ఏ కత్తి అయినా ఇబ్బందే, విమానంలో చేతిసంచిలో అసలే పనికిరాదు. మా కత్తులన్నీ సాయంత్రం నర్సరీ పెట్టెలోకి చేరాకే అందరం ఇళ్ళకు బయలుదేరుతాం.

అపోహ: కత్తిని తోలు ఒరలోనే దాచాలి.

వాస్తవం: తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది, పైగా పచ్చి చర్మాన్ని తోలుగా మార్చేటప్పుడు వాడిన రసాయనాలు అందులో మిగిలి ఉంటాయి. పనివేళల్లో నడుముకు తోలు ఒర బాగుంటుంది, వారాల తరబడి దాచడానికి మాత్రం కాదు. తడి పనికి అడుగున నీరు కారే రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ఒర మేలు. ఏ ఒర అయినా తలకిందులు చేసి ఊపి చూడండి. కత్తి జారితే అది తీసుకోకండి, ఎందుకంటే వంగి మొక్కలు సర్దేటప్పుడు ఆ కత్తి పడేది పాదం మీదనే.