తుమ్మెద గొంతు మార్చే చోటు

పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. దారి పక్కన పూసిన తంగేడు పొద కనిపిస్తే మాత్రం రెండు నిమిషాలు వాటిని తీసేసి నిలబడండి. నిగనిగలాడే నల్లటి గండుతుమ్మెద ఒకటి జుమ్మంటూ వచ్చి పువ్వు మీద వాలుతుంది. మోత ఆగిపోతుంది. మరుక్షణంలో, రెక్కలు ఆడకుండానే, ముందుకంటే సన్నటి గొంతుతో ఇంకో చిన్న మోత వినిపిస్తుంది. ఈ రెండోది ఎగరడానికి కాదు, పుప్పొడి దులపడానికి.

తంగేడు పువ్వులో తేనె ఉండదు. దొరికేదల్లా పుప్పొడే, అదీ తేలిగ్గా దొరకదు. చాలా పూలలో కేసరం చివరి సంచి నిలువునా చీలి పుప్పొడి బయటపడుతుంది. తంగేడులో ఆ సంచి కొసన సన్నటి రంధ్రం మాత్రమే తెరుచుకుంటుంది, మిరియాలపొడి డబ్బాలాగా. డబ్బాను దులిపితేనే పొడి రాలుతుంది. తుమ్మెద చేసేదీ అదే. పువ్వును గట్టిగా పట్టుకుని, రెక్కలను నడిపే కండరాలనే రెక్కలు కదపకుండా వణికిస్తుంది. పుప్పొడి గుప్పున చిమ్ముతుంది. ఫిజిక్స్ ల్యాబ్‌లోని శృతిదండాన్ని మోగించి ఇలాంటి పువ్వుకు ఆనించినా పుప్పొడి రాలుతుంది. తేనెటీగలకు ఈ విద్య రాదు. అవి వచ్చినా తుమ్మెద వదిలేసిన పొడి ఏరుకోవాల్సిందే.

ఇందులో పువ్వు జిత్తు కూడా ఉంది. తంగేడుకు పది కేసరాలు. పైనున్న మూడు వట్టివి. మధ్యలోని పొట్టివి తుమ్మెదకు మేత, అది దులిపేది వాటినే. ఆ కుదుపుకు కింద వంపు తిరిగి ఉన్న పొడవాటి కేసరాలూ కదిలి, వాటి పొడి తుమ్మెద ఒంటి మీద పడుతుంది, ముఖ్యంగా కాళ్లు సరిగ్గా అందని చోట. ఇంకో పువ్వు మీద వాలినప్పుడు కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొస, తగిలేది సరిగ్గా అక్కడే. అంటే ఒకే పువ్వులో కూలీకి పెట్టే కూడు వేరు, విత్తనం కోసం దాచుకున్నది వేరు. నాకైతే మొక్కల ప్రపంచంలో ఇంతకంటే తెలివైన బేరం కనబడలేదు.

బతుకమ్మలో మెరిసే పువ్వు కదా, దీని గొడవ మనకెందుకు అనుకోనక్కర్లేదు. వంగ, టమాటా పూలదీ ఇదే పద్ధతి. యూరప్‌లో గాజు గదుల్లో టమాటా పండించేవాళ్లు 1980ల చివరి నుంచి ఈ పని కోసం బంబుల్ బీ అనే తుమ్మెదల పెట్టెలు కొంటున్నారు. మన పెరటి వంగకు గండుతుమ్మెదలు, నేలలో గూడు కట్టే, తుమ్మెదలకు చుట్టాలైన చిన్న ఈగలు ఉచితంగానే చేసి పెడుతున్నాయి.

వాటికి గూడు మాత్రం మనమే లేకుండా చేస్తున్నాం. గండుతుమ్మెద ఎండిన కొమ్మలోనో వెదురులోనో బెజ్జం తొలిచి, గది గదికీ ఒక పుప్పొడి ముద్ద, దాని మీద ఒక గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుంపుగా కాక ఒంటరిగా గూడు కట్టుకునే ఆ చిన్న ఈగల్లో చాలా జాతులకు ఎండ తగిలే ఒట్టి నేల కావాలి. మా కాలనీ పార్కులో నడకదారికి రెండు వైపులా టైల్స్ పరిచారు, ఎండుకొమ్మ కనపడితే కొట్టేస్తారు. మందారం, బోగన్‌విల్లా మాత్రం దండిగా ఉన్నాయి. చూడ్డానికి అందమే, ఉండటానికి చోటు లేదు. కేబీఆర్ పార్కును 1998లో జాతీయ పార్కుగా ప్రకటించడం వల్ల హైదరాబాద్ నడిబొడ్డున, గుండ్రాళ్ల మధ్య, కొంత పొద అడవి మిగిలింది. దాని మట్టి దారుల్లో ఒకసారి నడిచి, ఆ తర్వాత కాలనీ పార్కుకు వెళితే తేడా కాళ్లకే తెలుస్తుంది.

సీతాకోకచిలుకల సంగతి ఇంకోరకం. వాటికి పువ్వుకంటే ముందు ఆకు కావాలి, గొంగళిపురుగు తినే ఆకు. ఆ ఆకు విషయంలో అవి మహా పట్టుదల మనుషులు. జిల్లేడు మీద నారింజ రంగు ప్లెయిన్ టైగర్ గుడ్లు పెడుతుంది. తంగేడు, రేల జాతి మొక్కల ఆకులు లేత పసుపు ఎమిగ్రంట్లకు కావాలి. మన కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగేది కామన్ మార్మన్. దాని చిన్న గొంగళి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు మోసపోవాలని. మనం మాత్రం మోసపోం, ఆకుకు చిల్లి కనపడగానే మందు కొడతాం. తర్వాత సీతాకోకచిలుకల కోసమని నర్సరీ నుంచి పూలకుండీలు తెస్తాం!

తంగేడును నర్సరీలో వెతికే పని కూడా లేదు. ఊరి బయట గుట్టల మీద ఎండిన కాయలు ఉంటాయి. గింజ పెంకు గట్టిది, కాస్త గరుకు నేల మీద రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి నాటితే చాలు. వేరూనుకున్నాక నీళ్లు పెద్దగా అడగదు. మేకలు కూడా దాని జోలికి అంతగా పోవు.

మా డాబా మీద చిక్కుడు పందిరికి కట్టిన వెదురు బొంగులో పోయిన వేసవిలో ఒక గుండ్రటి బెజ్జం పడింది, చూపుడువేలు పట్టేంత. బొంగు పాడైపోతుంది, మట్టి పెట్టి మూసెయ్యమని అమ్మ పోరింది. మూయలేదు. కింద రోజూ గుప్పెడు పొట్టు రాలుతుండేది. అమ్మే ఊడ్చేది, తిట్టుకుంటూ.