క్లాసు తప్పినవాళ్ళు మళ్ళీ రావచ్చా? కమ్యూనిటీ క్లాసుల గురించి అపోహలు, వాస్తవాలు

ఈ వారం మళ్ళీ అదే ఫోన్. "మాస్టారూ, మూడు వారాలు రాలేదు కదా, ఇప్పుడేం మొహం పెట్టుకుని రమ్మంటారు? వచ్చే బ్యాచ్‌లో మొదటినుంచీ చేరతాలెండి."

కమ్యూనిటీ హాల్లో నేను బొమ్మల క్లాసు చెబుతాను. మిగతా క్లాసులకు, కార్యక్రమాలకు పేర్లు రాసుకునే పని కూడా నాదే. ఈత, కుట్టు, వయొలిన్, కొత్త భాష, ఏదైనా సరే, ఈ మాట వినకుండా ఒక్క బ్యాచ్ కూడా గడవదు. "వచ్చే బ్యాచ్" అన్నవాళ్ళలో నిజంగా వచ్చేవాళ్ళు చాలా తక్కువ. కొన్న రంగులు, వయొలిన్ బీరువాలో ఉండిపోతాయి. ఇక్కడ బ్యాచ్‌లో మనుషులు తగ్గిపోయి, ఉన్నవాళ్ళ క్లాసు కూడా ఆగిపోతుంది. అందుకే ముందు దీని గురించి చెప్పాలి.

అపోహ: రెండు మూడు క్లాసులు తప్పితే ఇక వెళ్ళి లాభం లేదు.

ఇలా అనేవాళ్ళ మనసులో సాధారణంగా మూడు భయాలుంటాయి. అందరూ నన్నే చూస్తారు. నేర్చుకున్నదంతా పోయింది. అలవాటు తెగిపోయింది. మూడూ నిజమనిపిస్తాయి, వాటితో రాత్రిళ్ళు నిద్రపట్టనివాళ్ళు కూడా నాకు తెలుసు.

మొదటిది చూద్దాం. కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు విద్యార్థులకు వేసుకోవడానికి సిగ్గుపడే టీ-షర్టు ఒకటి తొడిగించి, మిగతావాళ్ళు కూర్చున్న గదిలోకి పంపారు. ఆ టీ-షర్టు మీది బొమ్మను ఎంతమంది గమనించి ఉంటారని తర్వాత అడిగితే, దాదాపు సగం మంది అని చెప్పారు. నిజానికి గమనించింది సుమారు పావు వంతు మంది. 2000లో ప్రచురించిన ఈ ప్రయోగం నా హాల్లో ప్రతి బ్యాచ్‌లోనూ కళ్ళారా చూస్తున్నాను. మూడు వారాల తర్వాత వచ్చినాయన తలుపు దగ్గర చెప్పులు విప్పుతూ చెమటలు పట్టి నిలబడతాడు. లోపల ఉన్నవాళ్ళు తలవంచుకుని తమ కాగితం మీది ముక్కు ఎందుకు వంకరగా వచ్చిందా అని చూసుకుంటూ ఉంటారు. ఆయన రాలేదన్న సంగతి పక్క కుర్చీవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తుండదు. ఆ పక్క కుర్చీవాళ్ళు అడిగేది కూడా "ఒంట్లో బాగుందా?" అనే.

రెండోది, నేర్చుకున్నది పోయిందనే భయం. మొదటి వారం కప్పు గీయమంటే కొత్తవాళ్ళు అందరూ ఒకేలా గీస్తారు. పై అంచు నిండు గుండ్రంగా వస్తుంది, అడుగు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వస్తుంది. కప్పు మూతి గుండ్రమని, అది బల్ల మీద తిన్నగా నిలబడుతుందని మనకు ముందే తెలుసు. ఆ తెలిసిందే గీసేస్తాం, ఎదురుగా కనిపిస్తున్నది చూడం. కాస్త పైనుంచి చూస్తే మూతి కోలగా కనిపిస్తుంది, అడుగు అంచు కూడా వంపు తిరిగి ఉంటుంది. పైగా ఆ వంపు మూతి కంటే కొంచెం ఎక్కువ. ఇది చేతిలోకి రావడానికి చాలామందికి రెండు క్లాసులు పడుతుంది.

ఒకావిడ ఇంట్లో పెళ్ళి పనుల వల్ల కొన్ని వారాలు రాలేకపోయారు. బతిమాలితే వచ్చారు. మొదటి కాగితం మీద అడుగు మళ్ళీ తిన్నగానే వచ్చింది. "చూశారా మాస్టారూ, అంతా పోయింది" అన్నారు. ఇంకో కాగితం ఇచ్చాను. సగం గీసి, తనే రబ్బరు తీసుకుని అడుగు గీత చెరిపి వంపుగా దిద్దారు. మూడో కాగితానికి నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. అప్పట్లో రెండు క్లాసులు పట్టింది, ఈసారి అరగంట కూడా పట్టలేదు.

1885లోనే జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ ఈ విషయం రాశాడు. అర్థంలేని అక్షరాల వరుసలను తనే బట్టీపట్టి, మర్చిపోయాక మళ్ళీ నేర్చుకుంటూ ఎంతసేపు పడుతోందో కొలిచాడు. ఒక్క ముక్క గుర్తులేదనుకున్న వరుస కూడా రెండోసారి తక్కువ సమయంలో వచ్చేది. మరుపు వచ్చినంత మాత్రాన పడ్డ కష్టం వృథా అయిపోదు.

మూడోది, అలవాటు తెగిపోవడం. దీనికి "21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటవుతుంది, ఒక్కరోజు తప్పినా మళ్ళీ ఒకటి నుంచి" అనే వాట్సాప్ మెసేజ్ చేసినంత చెడు ఇంకేదీ చెయ్యలేదు. ఆ 21 ఎక్కడినుంచి వచ్చిందంటే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతుందని తన అనుభవం రాశాడు. "కనీసం" అన్నమాట ఫార్వర్డ్ చేసినవాళ్ళు దారిలో పారేశారు. నిజంగా కొలిచింది లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం. 96 మందిని 12 వారాలు గమనించారు. ఆ వివరాలతో లెక్కగట్టి అంచనా వేస్తే, అలవాటు కుదిరేందుకు పట్టే కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు ఉంది, మధ్యస్థం 66 రోజులు. మధ్యలో ఒకరోజు తప్పడం వల్ల అలవాటు కుదరడానికి చెప్పుకోదగ్గ నష్టం ఏమీ రాలేదని కూడా తేలింది. కాబట్టి ఒక వారం తప్పితే ఆ మర్నాడు ఇంట్లో పది నిమిషాలు పెన్సిల్ పట్టుకోండి, చాలు.

తప్పు ఎప్పుడూ నేర్చుకునేవాళ్ళదే అనను. నేను వేరేచోట కీబోర్డు నేర్చుకునేటప్పుడు, జ్వరం తగ్గి వచ్చిన ఒక కుర్రాణ్ణి టీచర్ అందరి ముందూ నిలబెట్టి "ఇన్నాళ్ళూ ఏ ఊళ్ళేలావు?" అని అడిగారు. వాడు మళ్ళీ కనబడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. తిరిగి వచ్చినవాళ్ళను మా హాల్లో ఎవరూ కారణం అడగరు.

తిరిగి రావాలంటే పది నిమిషాలు ముందు రండి. గది ఖాళీగా ఉంటుంది, టీచర్‌కు మాట్లాడే తీరిక ఉంటుంది. "ఏయే పాఠాలు అయ్యాయి, వాటిలో ఏది లేకపోతే ఇవాళ్టిది అర్థం కాదు?" అని అడగండి. చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. కుట్టు క్లాసులో కొలతల పాఠం తప్పితే కటింగ్‌లో గుడ్డ పాడవుతుంది కాబట్టి అదొక్కటి ముందు చెప్పించుకోవాలి. ఈతలో విరామం తర్వాత లోతు తక్కువ ఉన్నవైపే మొదలుపెట్టాలి, ఆ సంగతి కోచ్‌కు నోటితో చెప్పాలి. బొమ్మలకైతే ఇవేవీ అక్కర్లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"ఈ వయసులో ఏం వస్తుంది?" వస్తుంది. అరవై ఏళ్ళ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు మూడు నెలలు బంతులు ఎగరేసి పట్టడం నేర్పి ఎంఆర్ఐ తీస్తే మెదడులో మార్పు కనిపించిందని 2008లో జర్మనీ పరిశోధకులు చూపారు. నెమ్మదిగా రావచ్చు, అంతే. భాషల విషయంలో, నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లిష్ వాళ్ళను పోల్చి చూస్తే మొదటి నెలల్లో అయిదేళ్ళలోపు పిల్లల కంటే పెద్దవాళ్ళే ముందున్నారు.

"వారానికో క్లాసు దండగ, పది రోజుల క్రాష్ కోర్సు పెట్టండి." బ్రిటన్‌లో పోస్టల్ ఉద్యోగులకు టైపింగ్ నేర్పినప్పుడు, రోజుకు ఒక గంట నేర్చుకున్నవాళ్ళకు నాలుగు గంటలు కూర్చున్నవాళ్ళ కంటే మొత్తం మీద తక్కువ గంటలే పట్టాయి. అయినా ఆ గంటవాళ్ళే ఎక్కువ అసంతృప్తిగా ఉన్నారు, రోజులు ఎక్కువ పడుతున్నాయని. 1978 నాటి సంగతి ఇది. మా దగ్గరా అదే గొడవ.

"మా వాడు చూసి నేర్చుకునే రకం, వినిపిస్తే రాదు." ఒక్కొక్కరికి ఒక్కో పద్ధతి ఇష్టం కావచ్చు, కానీ ఆ పద్ధతిలోనే చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం దొరకలేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం పరిశోధనలన్నీ వెతికి చెప్పింది. వాడికి చూపిద్దాం, వినిపిద్దాం, చేతితో చేయిద్దాం.

"ముందు ఇంట్లో కొంచెం నేర్చుకుని వస్తాను." వద్దు. బిగినర్స్ అని రాసి ఉన్న క్లాసు ఏమీ రానివాళ్ళ కోసమే పెట్టింది. ఇంట్లో తప్పుగా పట్టడం అలవాటైన వయొలిన్ బో (వాయించే కమాను) పట్టు సరిచేయడానికి మా టీచర్‌కు ఎక్కువ టైం పడుతుంది.

"ప్రసంగాలకు, ప్రదర్శనలకు ఒక్కరే వెళ్తే బాగోదు." సగం కుర్చీలు ఒంటరిగా వచ్చినవాళ్ళవే. టెన్షన్‌గా ఉంటే కుర్చీలు వేయడానికి సాయం కావాలా అని అడగండి, పరిచయాలు అక్కడే అవుతాయి.

"ఫ్రీ కార్యక్రమమే కదా, రాకపోతే చెప్పక్కర్లేదు." చెప్పాలి. వెయిటింగ్ లిస్టులో మనుషులుంటారు. ముందురోజు సాయంత్రంలోగా ఒక్క మెసేజ్ పెడితే ఆ చోటు ఇంకొకరికి ఇస్తాను. మీరు రానందుకు ఎవరూ ఏమీ అనుకోరు, వచ్చే వారం మీ పేరు అలాగే ఉంటుంది.