పెరటి ఇంటికి పర్యావరణ సమీక్ష ఎందుకు లేదు?

కాలిఫోర్నియాలో సొంత ఇల్లున్న మనవాళ్లు నలుగురు కలిస్తే ఈమధ్య తరచూ వచ్చే మాట ‘ఏడీయూ’. ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో ఇంటి వెనక పెరట్లో కట్టే చిన్న ఇల్లది. ఒక పడకగది, వంటగది, బాత్‌రూమ్, విడిగా ఓ గుమ్మం. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటే వాళ్లకి, లేనప్పుడు అద్దెకి. పూర్తి పేరు యాక్సెసరీ డ్వెల్లింగ్ యూనిట్. అమెరికన్లు దీన్ని ఎప్పట్నుంచో గ్రానీ ఫ్లాట్ అనీ, ఇన్‌లా యూనిట్ అనీ అంటున్నారు. వాళ్లకీ ఇది పెద్దవాళ్ల కోసం పుట్టిన ఇల్లే.

ప్లాన్ పట్టుకుని సిటీ ఆఫీసు కౌంటర్‌కి వెళితే అక్కడ చూసేవి కొలతలు. వెనక కంచెకీ గోడకీ మధ్య 4 అడుగులు ఉందా? పక్క కంచె వైపు? ఎత్తు 16 అడుగుల లోపేనా? స్కేలు పెట్టి కొలుస్తారు, సరిపోతే టిక్ పెడతారు. పొరుగువాళ్లని పిలిచి అడగరు. పర్యావరణ నివేదిక మాటే రాదు. ఒక్క ఇల్లు కట్టినా కోర్టుకెక్కే పరిస్థితి చూసిన రాష్ట్రంలో ఇంత సులువు ఎలా వచ్చిందన్నది చాలామందికి వచ్చే అనుమానం. బిల్డర్ల కోసం పర్యావరణ చట్టానికి చిల్లు పెట్టారని అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట సరికాదని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1969 జనవరిలో శాంటా బార్బరా తీరానికి దగ్గర్లో సముద్రంలోని చమురు బావి బద్దలైంది. ఒళ్లంతా చమురు పూసుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చిన పక్షుల్ని దేశమంతా చూసింది. మరుసటి ఏడాది జనవరి 1న అధ్యక్షుడు నిక్సన్ జాతీయ పర్యావరణ విధాన చట్టంపై సంతకం పెట్టారు. అదే 1970లో కాలిఫోర్నియా తన సొంత చట్టం తెచ్చుకుంది. కాలిఫోర్నియా ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ యాక్ట్, వాడుకలో ‘సీక్వా’. సంతకం చేసిన గవర్నర్ రోనాల్డ్ రీగన్. ఏ పనైనా మొదలుపెట్టే ముందు దానివల్ల నేలకీ నీటికీ గాలికీ ఏమవుతుందో ప్రభుత్వ సంస్థ చదివి, జనం ముందు పెట్టాలన్నది దాని సారాంశం. రోడ్లు, ఆనకట్టల్లాంటి ప్రభుత్వ పనుల గురించే ఈ చట్టమని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

ఆ అంచనా 1972లో తలకిందులైంది. మోనో కౌంటీలోని మామత్ ప్రాంతంలో ఒక కంపెనీ కొండల మధ్య కాండోమినియంలు కట్టబోతే స్థానికులు కోర్టుకెళ్లారు. కట్టేది ప్రైవేటు వాళ్లయినా, ప్రభుత్వం పర్మిట్ ఇస్తేనే కట్టగలిగేదైతే సీక్వా వర్తిస్తుందని రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బిల్డర్లు గగ్గోలు పెట్టారు. పర్మిట్ లేకుండా కట్టే ఇల్లంటూ ఉండదు కదా! నెలల వ్యవధిలో శాసనసభ చట్టాన్ని సవరించి ఒక గీత గీసింది. అధికారికి విచక్షణ ఉన్న అనుమతులకే సమీక్ష వర్తిస్తుంది, విచక్షణ లేని ‘మినిస్టీరియల్’ అనుమతులకు వర్తించదు.

ఈ మినిస్టీరియల్ అన్న మాట మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి కొత్తేం కాదు. మినిస్టీరియల్ స్టాఫ్ అంటే గుమాస్తాలు, కాగితం చూసి నిబంధన ప్రకారం పని చేసేవాళ్లు. సీక్వాలోనూ ఆ మాటకి దాదాపు అదే అర్థం. రాసిపెట్టిన రూలుకి దరఖాస్తు సరిపోతే ఇచ్చితీరాలి, సరిపోకపోతే ఇవ్వకూడదు, మధ్యలో అధికారి ఇష్టాయిష్టాలకి చోటులేదు. ఇందులో తర్కం ఉంది. పర్యావరణ నివేదిక చదివి అధికారి నిర్ణయం మార్చుకునే వీలు ఉంటేనే ఆ నివేదికకి ప్రయోజనం. మార్చే అధికారమే లేనప్పుడు వంద పేజీలు రాయించినా అవి ఎవరికీ పనికిరావు.

కాబట్టి పెరటి ఇంటికి దొరికిన మినహాయింపు 1972 నాటి ఈ గీతలోనే ఉంది. తర్వాతి కాలమంతా జరిగిన పోరు పెరటి ఇల్లు ఈ గీతకి ఏ వైపు ఉండాలన్నదే.

చాలాకాలం అది విచక్షణ వైపే ఉండిపోయింది. 1982లో రాష్ట్రం మొదటిసారి ‘సెకండ్ యూనిట్’ చట్టం చేసింది. నగరాలు తమ సొంత రూల్స్ పెట్టుకోవచ్చు, తగిన కారణాలు చూపి నిషేధించనూవచ్చు. చాలా నగరాలు వీటికి కండిషనల్ యూజ్ పర్మిట్ కావాలన్నాయి. అంటే హియరింగ్, బహిరంగ విచారణ. ఇంటి ముందు నోటీసు బోర్డు పెడతారు, చుట్టుపక్కల ఇళ్లకి ఉత్తరాలు వెళతాయి. ఒక సాయంత్రం ప్లానింగ్ కమిషన్ ముందు దరఖాస్తుదారు తన డ్రాయింగ్‌తో కూర్చుంటాడు. ఒకరు మైకు దగ్గరికొచ్చి వీధిలో కార్లు పెట్టే చోటు లేదంటారు. మరొకరు తమ పెరట్లోకి వాళ్ల కిటికీ చూస్తుందంటారు. అద్దెకొచ్చేది ఎలాంటివాళ్లో అని ఇంకొకరి దిగులు. నదుల కోసం, అడవుల కోసం పుట్టిన చట్టంలోని ‘విచక్షణ’ అనే తలుపులోంచి ఇవన్నీ లోపలికొచ్చాయి.

ఆ రోజుల్లోనూ చిన్న ఇళ్లకి రక్షణ లేకపోలేదు. సీక్వా మార్గదర్శకాల్లో కొన్ని తరగతుల పనులకి సమీక్ష అక్కర్లేదని జాబితా ఉంది. అందులో మూడో తరగతి చిన్న నిర్మాణాలు. నివాస ప్రాంతంలో ఒక ఇల్లుగానీ, ఒక రెండో నివాసంగానీ దాని కిందికి వస్తాయి. అయితే ఈ మినహాయింపుకి మళ్లీ మినహాయింపులున్నాయి. అది చారిత్రక కట్టడానికి చేటు చేసేదైనా, అసాధారణ పరిస్థితుల వల్ల గణనీయమైన ప్రభావం పడే అవకాశం ఉన్నా, ఇలాంటివే ఒకేచోట వరసగా వస్తున్నా రక్షణ పోతుంది. పోయిందో లేదో తేల్చేది చివరికి కోర్టు. నగరం మినహాయింపు నోటీసు దాఖలు చేస్తే 35 రోజుల్లో దావా వేయాలి, చేయకపోతే 180 రోజుల దాకా గడువుంటుంది. లోను తీసుకుని కట్టుకునేవాడికి ఆరు నెలల పాటు ఆ టెన్షన్ తప్పదు.

ఇది ఎంత దూరం వెళ్లగలదో బర్కిలీ చూపించింది. అక్కడ కొండవాలులో ఒక కుటుంబం కట్టుకోబోయిన పెద్ద ఇంటికి, పది కార్ల గ్యారేజీతో సహా, 2010లో నగరం ఇదే మూడో తరగతి కింద మినహాయింపు ఇచ్చింది. ఇరుగుపొరుగు కేసు వేశారు. రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2015లో. అది పెరటి ఇల్లు కాదు, భవనమే. కానీ ఒక్క ఇల్లు ఇన్నేళ్లు కోర్టుల్లో నలిగితే, వెనక పెరట్లో 600 చదరపు అడుగులు కట్టుకోవాలనుకునే మామూలు మనిషి ఆ గొడవకి దిగడు. చాలామంది పర్మిట్ జోలికే పోకుండా గ్యారేజీని గుట్టుగా గదిగా మార్చుకున్నారు. వైరింగ్ చూసినవాడు లేడు, రెండో గుమ్మం అడిగినవాడు లేడు. హియరింగ్‌ల వల్ల జరిగిన అసలు నష్టం నా దృష్టిలో ఇదే.

మలుపు 2002లో వచ్చింది. అసెంబ్లీ బిల్లు 1866 ప్రకారం 2003 జులై 1 నుంచి సెకండ్ యూనిట్ దరఖాస్తులపై హియరింగ్ లేకుండా, విచక్షణ లేకుండా నిర్ణయం తీసుకోవాలి. అంతటితో పెరటి ఇల్లు గీత దాటి ఇవతలికొచ్చింది. నగరాలు మాత్రం ఊరుకోలేదు. స్థలం కనీస విస్తీర్ణం పెంచాయి, అదనపు పార్కింగ్ అడిగాయి, ఫీజులు మోపాయి. విచక్షణ పోయినా రూలే కట్టలేనిదిగా ఉంటే ఫలితం ఒకటే. అందుకే 2016లో రాష్ట్రం రెండు బిల్లులు తెచ్చింది. పేరు ఏడీయూగా మారింది. బస్సు, రైలు సౌకర్యానికి అరమైలు లోపుంటే పార్కింగ్ అడగకూడదంది. 2019 బిల్లులు ఇంకా ముందుకెళ్లాయి. నగరం రూల్స్ ఏమైనా సరే 800 చదరపు అడుగుల ఇంటికి చోటివ్వాలి, 60 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే. 750 చదరపు అడుగుల లోపు ఇళ్లకి ఇంపాక్ట్ ఫీజు, అంటే కొత్త ఇంటి వల్ల ఊరి సౌకర్యాలపై పడే భారానికి వసూలు చేసే రుసుము, లేదు. 2016లో రాష్ట్రం మొత్తం మీద వెయ్యి పైచిలుకు పర్మిట్లుంటే 2022కి ఏటా ఇరవై వేలు దాటాయి.

మన దేశంలో ఈ చిక్కు రానే లేదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ భవనాల విషయంలో 20,000 చదరపు మీటర్ల దగ్గర మొదలవుతుంది, మామూలు ఇల్లు దాని దరిదాపుల్లోకి రాదు. తెలంగాణలో 2020లో వచ్చిన భవన అనుమతుల విధానం టీఎస్ బీపాస్ కూడా చిన్న స్థలాలకి సొంత ధ్రువీకరణతోనే అనుమతి ఇచ్చింది.

అలాగని కాలిఫోర్నియాలో అన్నిచోట్లా దారి తెరుచుకోలేదు. సముద్ర తీర మండలంలో 1976 నాటి కోస్టల్ యాక్ట్ పెత్తనం అలాగే ఉంది, అక్కడ పెరటి ఇంటికీ తీర అనుమతి అక్కర రావచ్చు. అది ఉండాలనే నేను కోరుకుంటాను. ఇక ఊరి మధ్య, నీటి పైపు, మురుగు కాలువ, బస్సు అన్నీ ఉన్నచోట కట్టే చిన్న ఇంటికి సమీక్ష వద్దనడం పర్యావరణానికి మేలే. ఆ ఇల్లు అక్కడ లేకపోతే అదే కుటుంబం ట్రేసీలోనో స్టాక్టన్‌లోనో పొలాల్ని చదును చేసి వేసిన లేఅవుట్‌లో కొనుక్కుని, రోజూ గంటన్నర కారులో వస్తుంది. ఆ పొగ ఈ కంచె దగ్గర హియరింగ్‌లో ఎవరికీ కనిపించేది కాదు.

నాకు దిగులున్నది కొండల విషయంలో. 1991 అక్టోబరులో ఓక్లాండ్ కొండల్లో మంటలు చెలరేగి 25 మంది చనిపోయారు. ఇరుకు దారుల్లో కార్లు ఒకదాని వెనక ఒకటి చిక్కుకుపోయాయి. ఒక పెరటి ఇల్లు ఆ దారిలో అదనంగా ఒకటో రెండో కార్లు పెడుతుంది, ఇంటింటికీ కడితే వందలు. కౌంటర్ దగ్గర స్కేలు పెట్టి కొలిస్తే ఈ లెక్క తేలదు. ప్రజల భద్రత, ట్రాఫిక్ కారణంగా కొన్ని రకాల ఏడీయూలను పరిమితం చేసే వీలు నగరాలకి చట్టం ఇచ్చింది గానీ, రాష్ట్రం తప్పనిసరి చేసినవాటికి అది వర్తించదు. ఈ లెక్క చూడాల్సింది నగరం మొత్తానికి వేసే ప్లాన్‌లో, ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ మార్చేటప్పుడు. 2025 జూన్ 30న గవర్నర్ న్యూసమ్ సంతకం చేసిన సవరణలు నగరాల లోపల కట్టే పెద్ద గృహ సముదాయాలకీ, ఆమోదం పొందిన హౌసింగ్ ప్లాన్ అమలుకోసం చేసే జోనింగ్ మార్పులకీ కూడా చాలావరకు సీక్వా నుంచి మినహాయింపు ఇచ్చాయి. కొండదారిలో కార్ల లెక్క ఇప్పుడు ఏ బల్ల మీదికి వస్తుందో ఆ నగరాలే చెప్పాలి.