నెట్ దగ్గర భయం పోవాలంటే

పిల్లలూ,

మొన్న మీ టెన్నిస్ డబుల్స్ ఆట చూశాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. బేస్‌లైన్ దగ్గర, అంటే కోర్టు వెనక గీత దగ్గర, హాయిగా ఆడుతున్నారు. నెట్ దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ పడి, రాకెట్‌ని భుజం వెనక్కి లాగేస్తున్నారు. నెట్ నుంచి సర్వీస్ లైన్‌కి, అంటే నెట్‌కీ బేస్‌లైన్‌కీ మధ్యనున్న అడ్డగీతకి, 21 అడుగులే. అంత దగ్గర రాకెట్ వెనక్కి తీసి మళ్లీ ముందుకు తెచ్చే టైము ఉండదు. ముందుకు అడుగు వేసి, బంతికి ఎదురెళ్లి, అది నేలను తాకకముందే చిన్నగా అడ్డుకొడితే చాలు. వాలీ అంటే అంతే.

పట్టు సుత్తి పట్టుకున్నట్టు ఉండాలి. దీన్నే కాంటినెంటల్ గ్రిప్ అంటారు. ఫోర్‌హ్యాండ్‌కీ బ్యాక్‌హ్యాండ్‌కీ అదే పట్టు.

ముందు రాకెట్ పక్కన పెట్టండి. ఒకరు బంతి మెల్లగా విసరాలి. రెండోవారు కుడిచేతివాటం అయితే ఎడమకాలు ముందుకు వేస్తూ, కుడిచేత్తో, ఒంటికి ముందే పట్టుకోవాలి. ఒంటి పక్కకి వచ్చాక పట్టారంటే ఆలస్యమైనట్టే. అది కుదిరాక వీపు కంచెకు దగ్గరగా పెట్టి నిలబడి రాకెట్‌తో ఆడండి. రాకెట్ కంచెకు తగిలిందంటే వెనక్కి ఊపుతున్నారన్నమాట.

ఇక అసలు సంగతి కాళ్లు. అవతలివాళ్లు బంతి కొట్టే క్షణానికి మీరు చిన్న గెంతు వేసి, రెండు పాదాలూ ఎడంగా నేలమీద ఆనేలా చూసుకోవాలి. స్ప్లిట్ స్టెప్ అనేది ఇదే. పరుగులో ఉన్నవాళ్లు పక్కకి తిరగలేరు, పాదాలు ఆనినవాళ్లు ఎటైనా కదలగలరు. ఇది లేకపోతే మిగతా సాధనంతా వృథా అని నా గట్టి నమ్మకం. స్నేహితుణ్ణి రెండు చేతుల్లో రెండు బంతులు పట్టుకోమనండి. ఏ చేయి ముందుకు కదిలితే అప్పుడే గెంతి, ఆ వైపుకి అడుగెయ్యాలి. సానియా మీర్జా, మార్టినా హింగిస్ 2015లో వింబుల్డన్ డబుల్స్ గెలిచారు. ఆ ఫైనల్ మ్యాచ్ వీడియో దొరికితే బంతిని వదిలేసి హింగిస్ కాళ్లనే చూడండి.

తర్వాత ఇద్దరూ చెరో సర్వీస్ లైన్ దగ్గర నిలబడి, బంతి నేలను తాకకుండా ఒకరికొకరు వాలీలు ఆడుకోండి. ఎదుటివాణ్ణి ఓడించాలని చూడొద్దు, బంతిని ఎంతసేపు నిలపగలరో చూడండి. కాళ్ల దగ్గరికి వచ్చే బంతికి నడుం కాదు, మోకాళ్లు వంచాలి. దాన్ని మధ్యలోకే పంపండి. ఎందుకంటే నెట్ ఎత్తు స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు, నడిమధ్యన మూడే అడుగులు.

మన డెల్టాలో సాయంత్రం సముద్రపు గాలి కూడా ఆటలోకి వస్తుంది. గాలి మీ ముఖానికి కొడుతుంటే అవతలివాళ్లు ఎత్తుగా లేపిన బంతి, అంటే లాబ్, మీ తలమీదుగా దూరం పోతుంది, కాబట్టి నెట్‌కి మరీ అంటుకోవద్దు. వెనకనుంచి కొడుతుంటే లాబ్ ముందే పడుతుంది. పక్కకి తిరిగి, ఎడమచేత్తో బంతిని చూపిస్తూ, తలపైనుంచి బలంగా కొట్టే స్మాష్‌కి సిద్ధంగా ఉండండి. ఉక్కపోతకి పట్టు జారుతుంది, తువ్వాలు మరిచిపోకండి. వాన వెలిశాక కోర్టు ఆరేదాకా మాత్రం ఎవరూ దిగొద్దు.

వచ్చే ఆదివారం నేనే బంతులు విసురుతాను. పాత బంతులుంటే తీసుకురండి.

మీ తాతయ్య